నేను చెప్పి రాయించుకున్న భయం

పిల్లల్ని చూసుకునే పనికి దుబాయ్ వెళ్లే అమ్మాయిలు ఈమధ్య మా ఇంటికి వచ్చి కూర్చుంటున్నారు. అక్కడ ఎండ ఎలా ఉంటుంది, తిండి పడుతుందా, అరబ్బీ ఎన్నాళ్లకు వస్తుంది అని అడుగుతారు. ఎండకు అలవాటు పడతారు. తిండికీ అంతే. అరబ్బీ ఆరు నెలల్లో పని జరిగేంత వస్తుంది. వాళ్లు అడగనిది ఒకటుంది. అది భయం. ఆ పనిలో నేను గడిపిన ఇరవై రెండేళ్లలో నన్ను ఎక్కువ కాలం అంటిపెట్టుకుని ఉన్నది అదే. దాని గురించి చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి. నోటితో చెబితే సగంలో ఆపేస్తానని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

నాకు అక్షరాలు యాభై ఆరేళ్లప్పుడు వచ్చాయి. మా వీధిలో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెప్పిన అమ్మాయి నా మనవరాలి ఈడుది. పలక మీద మొదట నా పేరు రాయించింది. నూకరత్నం. అంతకు ముందు ఆ పేరు ఎక్కడ రాయాల్సి వచ్చినా అక్కడ నా వేలిముద్ర ఉండేది. నేను చెప్పబోయేదంతా నాకు చదువు రాకపోవడం వల్లే జరిగిందని అనుకోకండి. కొంత దాని వల్ల. మిగతాది నా వల్ల.

కాళ్ల మీద స్నానం

డెబ్భైల చివర్లో దుబాయ్‌కు కొండల అవతల, ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊళ్లో ఒక అరబ్బు ఇంట్లో ఆయాగా చేరాను. ఇంటాయన్ని బాబా అనేవాళ్లం, ఇంటావిడని మామా. ఆయనకు రేవులో ఉద్యోగం. మామాకు ఇరవై నాలుగేళ్లుంటాయేమో, నాకన్నా చిన్నది. నేను వెళ్లేసరికి సాలెం రెండు నెలల వాడు. మొదటి బిడ్డ. వాణ్ణి నా చేతుల్లో పెట్టి, తనకు తలనొప్పిగా ఉందని, నిద్ర కావాలని సైగ చేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ రోజే నాకు ఈ పని అర్థమైంది. వంట, బట్టలు, తుడవడం ఎవరైనా చేస్తారు. ఒక తల్లి కళ్లు మూసుకుని నిద్రపోవాలంటే ఇంకొకరు మేలుకుని ఉన్నారని నమ్మాలి. ఆ నమ్మకానికే మనకు జీతం.

మన గోదావరి వైపు పసిపిల్లలకు ఎలా నీళ్లు పోస్తామో మీకు తెలుసు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, ఒళ్లంతా నూనె మర్దనా చేసి వేణ్ణీళ్లు పోస్తాం. నా ఇద్దరు పిల్లలకూ అలాగే పోశాను. మామా అది ఒకసారి చూసి కేకలు పెట్టింది. వాళ్లకు ప్లాస్టిక్ తొట్టి ఉంది. అందులోనే పొయ్యాలి, నూనె వద్దు అంది. నాకు నవ్వొచ్చింది. తొట్టిలో నీళ్లు పోసుకున్న పిల్లవాడికి ఎముకలు ఎలా గట్టిపడతాయి? ఆవిడ నిద్రపోయే వేళ చూసి, వంటింటి వెనక గిన్నెలు తోమే గచ్చు మీద, రోజూ నా పద్ధతిలోనే పోశాను. ఆవిడకు తెలియదు. పిల్లవాడు నిగనిగలాడుతుంటే లోపల నాకు గర్వంగా ఉండేది.

వాడి ఏడో నెలలో ఒకరోజు నూనె రాసి, వాణ్ణి ఎత్తుకుని లేవబోయాను. జారాడు. ఎలా జారాడో చెప్పడానికి ఏమీ లేదు. ఉన్నవాడు లేడు, అంతే. తల గచ్చుకు తగిలింది. ఒక్క క్షణం వాడు ఏడవలేదు. ఆ క్షణం నాకు ఇప్పటికీ ముగియలేదు. తర్వాత ఏడ్చాడు. చెవి వెనక నిమ్మకాయంత బొప్పి కట్టింది. ఐసు గుడ్డలో చుట్టి అద్దాను. మామా లేచి వచ్చేసరికి టోపీ పెట్టేశాను.

"ఎందుకు ఏడ్చాడు?" అంది.

"ఆకలి" అన్నాను.

అప్పుడే నిజం చెప్పాల్సింది. ఆ మాట రాయడానికి నాకు ఒక్క వాక్యం పట్టింది. చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది.

రైటరు గారు

ఊళ్లో మన తెలుగువాళ్లు పదిహేను, ఇరవై మంది ఉండేవాళ్లం. గోదావరి వైపు నుంచి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లం కొందరు. కరీంనగర్ వైపు నుంచి రేవు పనికి, రోడ్ల పనికి వచ్చిన మగవాళ్లు ఎక్కువ. ఉత్తరం రాయడం వచ్చిన మనిషి ఒక్కడే. పేరు భూషణం. బజార్లో ఒక టైలరు షాపులో బిల్లులు రాసేవాడు. అందరం రైటరు గారూ అనేవాళ్లం. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, తల నున్నగా దువ్వుకుని ఉండేవాడు. మాట వెన్నలా ఉండేది. శుక్రవారం సెలవు పూట షాపు వెనక గదిలో చాప వేసి కూర్చునేవాడు. మనం చెబుతాం, ఆయన రాస్తాడు. ఊరికి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపుతాడు. వచ్చిన ఉత్తరాలు చదివి వినిపిస్తాడు. దానికి ఏమీ పుచ్చుకోడు. దేవుడని చెప్పుకునేవాళ్లం.

పిల్లవాడు పడ్డాక పది రోజులు నేను అన్నం తినలేదు. వాడు పాలు కక్కితే ప్రాణం పోయేది. ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. చెప్పుకోవడానికి మనిషి లేదు. శుక్రవారం వెళ్లి, ఊళ్లో నా పిల్లల్ని చూసుకుంటున్న మా చెల్లెలు వరాలుకు ఉత్తరం రాయమన్నాను. నూనె సంగతి, జారిన సంగతి, టోపీ సంగతి మొత్తం ఏడుస్తూ చెప్పాను. ఎవరికీ అనవద్దని కూడా రాయించాను. ఆయన తలవంచుకుని రాశాడు. మధ్యలో నీలం సిరా అయిపోతే ఆకుపచ్చ పెన్ను తీసుకున్నాడు. అంతా అయ్యాక, "దిగులు పడకు చెల్లెమ్మా, పిల్లలన్నాక పడతారు" అన్నాడు. నా గుండె తేలికైంది.

ఆడపిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. చెల్లెలికి చెబుతున్నానని అనుకున్నాను. చెప్పింది ఆయనకి.

రెండు వారాల తర్వాత ఆయన మా ఇంటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు. మామా బాబా షార్జా వెళ్లారు. జేబులోంచి మడిచిన కాగితం తీసి, దాన్ని చూస్తూ చదివాడు. "చెల్లీ, పిల్లవాడు నా చేతుల్లోంచి జారి గచ్చు మీద పడ్డాడు, మామా వద్దన్న నూనె వల్లనే..." నా మాటలు, నా ఏడుపుతో సహా.

"ఇది పంపలేదా రైటరు గారూ?"

"పంపానమ్మా. ఇది నకలు. మంచి విషయాలకు నకలు ఉంచుతాను నేను." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ వైపు చేపల పులుసు తిని ఎన్నేళ్లయిందో. టైలరు సాయిబు పెట్టే రొట్టెలు తినలేక పోతున్నా. శుక్రవారం కాస్త పంపుతావా?"

అంతే అడిగాడు. పులుసు. నేను నవ్వబోయి ఆయన కళ్లు చూసి ఆగిపోయాను.

శుక్రవారం భోజనం

ప్రతి శుక్రవారం వండి పంపాను. వంజరం పులుసు, గారెలు, చింతకాయ పచ్చడి. రుచి తేడా వస్తే మరుసటి వారం నెమ్మదిగా చెప్పేవాడు. "ఉప్పు ఎక్కువైంది చెల్లెమ్మా. మనసు ఎక్కడో ఉందా?" తిట్టేవాళ్లు చాలామందిని చూశాను. ఒక ఇంట్లో ముసలావిడ చెప్పు విసిరేది. ఆమె అంటే నాకు భయం వెయ్యలేదు. చెప్పు విసిరాక ఆమె దగ్గర ఇంకేమీ ఉండదని తెలిసేది. మెత్తగా మాట్లాడేవాడి దగ్గర ఇంకా ఎంత ఉందో తెలియదు.

తర్వాత ఇంకొకటి అడిగాడు. పక్కింట్లో వంటకు కొత్తగా వచ్చిన కాంతం ఎవరిచేత ఉత్తరాలు రాయిస్తుందని. ఎవరూ లేరన్నాను. "తీసుకురా పాపం" అన్నాడు. ఎందుకు తీసుకురమ్మంటున్నాడో నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్లాను. నా మెడ మీద కత్తి కాస్త అవతలికి జరుగుతుందని అనుకున్నాను. ఇది నేను చేసిన రెండో తప్పు. మొదటిది నా చేతులు చేశాయి. రెండోది నేను చేశాను.

కాంతం కోనసీమ పిల్ల. నోరు పెద్దది, నవ్వు పెద్దది. రెండు నెలల్లో ఆ నవ్వు పోయింది. ఒకరోజు గోడ దగ్గర బట్టలు ఆరేస్తూ నన్ను పిలిచింది.

"వదినా, మీ రైటరుకి నువ్వు కూడా వండుతున్నావా?"

"నువ్వు కూడానా?"

"నేను శనివారం. పూతరేకులు కావాలంట ఎదవకి! ఈ ఎడారిలో పూతరేకులు ఎక్కడ చుడతానే?"

దాని రహస్యం దాని పేరే. వాళ్ల అక్క పాస్‌పోర్టు మీద వచ్చింది. కాంతం అక్క పేరు. అమ్మకు ఉత్తరం రాయిస్తూ, ఇక్కడ అందరూ నన్ను అక్క పేరుతో పిలుస్తుంటే ఏడుపొస్తోందని చెప్పుకుంది. ఆయన నకలు ఉంచాడు.

మా మాటలు విని దగ్గరికొచ్చిన మా ఇంటి డ్రైవరు రాజన్న మూడో మనిషి. జగిత్యాల దగ్గరి మనిషి. కొండల దారిలో కఫీల్ బండితో, అంటే వీసా ఇచ్చిన బాబా బండితోనే, ఒంటెను గుద్దాడు. ఒంటె చచ్చిపోయింది. బండికి కొండ మీది రాయి తగిలిందని బాబాతో చెప్పాడు. నిజం పెళ్లానికి రాయించాడు. ఒంటె సొంతదారుకు తెలిస్తే తన గతి ఏమవుతుందో అతనికి తెలుసు. ఆరు నెలలుగా ఆ రైటరును శుక్రవారం సాయంత్రాలు సముద్రం ఒడ్డుకు బండిలో తిప్పుతున్నాడు.

"గాలి మార్పు గావాలట సారుకు," అన్నాడు రాజన్న. "కిటికీ పక్కన కూసుండి నీతులు జెప్తడక్కా. అబద్ధం ఆడద్దట! నాకు జెప్తున్నడు!"

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. అప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక భయం రెట్టింపైంది. మా ముగ్గురివి ఉన్నాయంటే ఊళ్లో అందరివీ ఆయన దగ్గర ఉన్నాయన్నమాట. కాంతాన్ని తీసుకెళ్లింది తెలిసే తీసుకెళ్లానని ఆ రోజే దానికి చెప్పాను. అది చాలాసేపు బట్టల క్లిప్పులు తీస్తూ పెడుతూ ఉండిపోయింది. "నా కొంప ముంచావు కదే" అంది. తర్వాత, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అంది.

పెట్టె

ఆయన గదిలో మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. కాగితాలన్నీ అందులోనే పెట్టడం అందరం చూశాం. తాళం ఉండదు. ఆయన ఆ గది వదిలి కాసేపు బయటికి వెళ్లాలి. మరుగుదొడ్డి షాపు అవతల, సందు చివర ఉంది. ఆలోచన కాంతానిది. వాళ్ల మామా మందుల అలమరలో విరేచనాల మాత్రలు ఉన్నాయి. నూరి నా పులుసులో కలిపింది. ఎన్ని వేశావంటే, "ఎక్కువే వేశాలే, మనిషి సన్నమైనా మొండోడు" అంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ బజారు మూసి ఉంటుంది. గిన్నె పట్టుకుని ముగ్గురం వెళ్లాం. ఆయన సంతోషించాడు. ఆకు పరిచి, మూత తీసి, వాసన చూసి, రాజన్న వైపు తిరిగాడు.

"ఏం తమ్ముడూ నిలబడ్డావ్? రా, నువ్వూ కూర్చో. ఒక్కణ్ణే తింటే సహించదు నాకు."

"వద్దు సార్, తిని వచ్చిన."

"ఎప్పుడూ ఆవురావురుమని ఉండేవాడివి, ఇవాళ వద్దంటావేం?" అని చేతిలో ముద్ద ఆపి మా ముగ్గురినీ చూశాడు. మెల్లగా. ఒక్కొక్కరినీ.

రాజన్న కూర్చున్నాడు. తినేటప్పుడు నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. గిన్నె అందించడానికి వంగితే గొణిగాడు: "తింటే కడుపు పోతది, తినకుంటే నౌకరి పోతది. ఇంకింత వెయ్యి అక్కా."

అరగంటలో ఆయన లేచి సందులోకి పరుగెత్తాడు. రాజన్న ఆయన కన్నా ముందే పరుగెత్తాడు. అక్కడ ఉన్నది ఒకే మరుగుదొడ్డి. బయట వాళ్లిద్దరూ ఒకరి మర్యాద ఒకరు చూసుకుంటున్న మాటలు మాకు వినిపిస్తున్నాయి. "ముందు మీరు పోండ్రి సార్." "లేదు తమ్ముడూ, నువ్వు... అబ్బా..."

కాంతం, నేను పెట్టె లాగి మూత తీశాం.

నిండా కాగితాలు. కట్టలు కట్టలు. నేను ఒకటి తీశాను. కాంతం ఒకటి తీసింది. ఇద్దరం వాటిని చూస్తూ ఉండిపోయాం. అప్పటిదాకా మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. మాకు చదవడం రాదు.

"ఏది నాదే?" అంది కాంతం.

"నాకేం తెలుసు?"

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి వదినా. చీమలు పాకినట్టు." ఒక కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. వాసన కూడా చూసింది. "తగలబెట్టేద్దాం మొత్తం."

"అందరివీ ఉన్నాయి. ఎవరి బిడ్డ చచ్చిన కబురో, ఎవరి పెళ్లి సంగతో. మనం తగలబెడితే?"

అప్పుడు ఆకుపచ్చ సిరా గుర్తొచ్చింది. ఆకుపచ్చ ఉన్న కాగితాలు మూడు దొరికాయి. మూడూ రవికెలో దోపుకున్నాను. కాంతం తన వేలిముద్ర లాంటిదేదో ఉన్న కాగితాలు నాలుగు తీసుకుంది. రాజన్న కోసం ఏం తీయాలో తెలియక పైనున్నవి రెండు తీశాం. అతనికిస్తే, "దీంట్ల ఒంటె ఉన్నదా?" అని అడిగాడు. ఏం చెబుతాం?

ఆ మూడు కాగితాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చివరిదాకా దాచడం దేనికి. వాటిని ఎవరికీ చూపించలేదు. చదివించుకోవాలంటే మళ్లీ ఒకరి చేతిలో పడాలి. పాతికేళ్లు ట్రంకు పెట్టె అడుగున ఉంచాను. అక్షరాలు వచ్చిన ఏడాది కూడబలుక్కుని చదివాను. రెండు ఎవరివో. ఒకటి నాదే. చెల్లెలు వరాలుకు అక్క రాసినది అని ఉంది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. పిల్లవాడు క్షేమం. పిల్లలను బడికి పంపించు. అంతే. నేను చెప్పిందేదీ ఆయన కాగితం మీద పెట్టలేదు. నూనె లేదు, గచ్చు లేదు. ఆ రోజు గుమ్మం దగ్గర నా ఎదుట చదివింది తన తలలో ఉన్నది. అంతా క్షేమమని ఉన్న కాగితాన్ని చూపించి నన్ను ఏడాదిన్నర వణికించాడు.

గంజి

మాత్రలు ఎక్కువైనట్టున్నాయి. రాజన్నకు సాయంత్రానికి తగ్గింది. మరుసటి రోజు టైలరు సాయిబు మనిషిని పంపాడు, రైటరు లేవలేకపోతున్నాడని, కళ్లు లోపలికి పోయాయని. కాంతం మొహం తెల్లబోయింది.

"చస్తాడా వదినా?"

"చస్తే పోలీసులు వస్తారు."

"పెట్టె తీస్తారు."

"చదివే మనిషిని తెస్తారు."

ఆ మాట అనుకున్నాక మేము పడ్డ పరుగు ఏ అయినవాళ్ల కోసమూ పడి ఉండం. నేను గంజి కాచాను. కాంతం ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు సీసాల్లో పోసి తెచ్చింది. రాజన్న మామాను పుట్టింట్లో దింపి వస్తానని బండి తీసుకుని, దారిలో మందులు తెచ్చాడు. మూడు రోజులు వంతులు వేసుకుని ఆ మనిషిని బతికించాం. ఆయన నాడి ఆగితే మా ముగ్గురి నాడీ ఆగుతుందన్నట్టు కనిపెట్టుకుని కూర్చున్నాం.

మూడో రోజు నేను చెంచాతో గంజి పోస్తుంటే కళ్లు తెరిచాడు. గొంతు నీరసంగా ఉంది. మర్యాద మాత్రం తగ్గలేదు.

"పెట్టెలో కాగితాలు తగ్గాయి చెల్లెమ్మా."

నేను చెంచా మళ్లీ గిన్నెలో ముంచాను.

"ఉంచుకోండి. నాకు కాగితంతో పనిలేదు." వేలితో తన కణత మీద తట్టుకున్నాడు. "మీ మామాతో నాకు రెండు ముక్కలు అరబ్బీ మాట్లాడటం వచ్చు. ఆ రెండు చాలు." ఇంకో చెంచా తాగాడు. "మీ మామా చెల్లెలి ఇంటికి వచ్చే నెల కొత్త అమ్మాయి వస్తోందటగా. మంచి పిల్లేనా? నా దగ్గరికి తీసుకురా."

ఆ చెంచా నా చేతిలో ఉండగానే నాకు తెలిసింది, ఈ మనిషి బతికున్నా చచ్చినా నాకు భయం తప్పదని.

తాళంచెవులు

ఇప్పుడు అసలు సంగతి. పైన రాసిందంతా నవ్వుకుంటూ చదివి ఉంటారు. ఇది అలా చదవకండి.

సాలెంకు ఏడాదిన్నర నిండినప్పుడు ఒకరోజు వాడు నేల మీద ఆడుకుంటుంటే వాడి వెనక నా చేతిలోంచి పెద్ద మూకుడు కింద పడింది. పక్కింట్లో కుక్క మొరిగింది. సాలెం తల తిప్పలేదు. నేను మళ్లీ గరిటెతో కొట్టాను. తిప్పలేదు. పేరు పెట్టి పిలిచాను. ముందుకొచ్చి మొహం చూపిస్తే నవ్వాడు.

నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పిల్లవాడికి వినబడటం లేదంటే, ఎందుకు వినబడటం లేదంటారు. ఎప్పుడైనా పడ్డాడా అంటారు. ఆ ప్రశ్న రాకూడదని, వాడు ఎప్పుడూ నా మొహం చూసేలా ముందుకు వెళ్లి నిలబడేదాన్ని. మామా వెనక నుంచి పిలిస్తే, వాడి భుజం మీద నేను చెయ్యి వేసేదాన్ని. వాడు తిరిగేవాడు. విన్నాడని ఆవిడ అనుకునేది. రోజుకు ఎన్నిసార్లో. రెండు దాటినా మాటలు రాలేదు. మగపిల్లలకు ఆలస్యమని వాళ్ల అత్తగారు అంది. అవునని నేనూ తలూపాను.

రైటరు కోలుకున్న వారంలోనే మామా వాణ్ణి కొండల అవతల పెద్దాసుపత్రికి తీసుకెళ్తానంది. రాజన్న బండి నడిపాడు. దారంతా వాడు నా ఒళ్లో నిద్రపోయాడు. రెండుసార్లు బండి ఆపించుకుని దిగాను.

డాక్టరమ్మ మన దేశం ఆవిడే. మామాతో అరబ్బీలో, నాతో హిందీలో మాట్లాడింది. సాలెంను మామా ఒళ్లో కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి తాళంచెవుల గుత్తి ఆడించింది. వాడు నన్ను చూసి నవ్వుతున్నాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి వాడి భుజం మీదికి వెళ్లబోయింది. డాక్టరమ్మ అది చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఇంకా గట్టిగా ఆడించింది. వాడు తిరగలేదు.

"ఎప్పుడైనా తల మీద పడ్డాడా?" అని మామాను అడిగింది.

"లేదు."

"ఇంట్లో శబ్దాలకు తిరగడం లేదని ఎవరూ గమనించలేదా?"

మామా నా వైపు చూపించింది. "రత్నం రోజంతా వాడితోనే ఉంటుంది. ఏదైనా ఉంటే నాకు చెప్పేది."

ఆ మాటలో అనుమానం లేదు. అనుమానం ఉండి ఉంటే నేను అబద్ధం ఆడేదాన్నే. నాకు జైలు కనిపించింది. నా ఇద్దరు పిల్లలు కనిపించారు. నాకు వచ్చిన, పని జరిగేంత అరబ్బీలో చెప్పాను.

"మామా, సాలెం తాహ్. మిన్ ఈద్ మాల్ అనా."

సాలెం పడ్డాడు, నా చేతుల్లోంచి అని. ఆవిడకు అర్థం కాలేదు. పడ్డాడా, ఎక్కడ, ఇప్పుడా అంది. నూనె సంగతి చెప్పాను. టోపీ సంగతి చెప్పాను. అక్కడ ఆగొచ్చు. ఆగితే పడ్డ తప్పు ఒక్కటే నాది. డాక్టరమ్మ తాళంచెవులు పట్టుకుని నా వైపే చూస్తోంది. మిగతాది కూడా చెప్పాను. వాడికి వినబడదని ఆరేడు నెలలుగా నాకు తెలుసునని. భుజం మీద చెయ్యి సంగతి కూడా.

మామా లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వాణ్ణి గుండెకు అదుముకుని గోడ దాకా వెనక్కి వెళ్లింది, నేను ఏదో చేస్తానన్నట్టు.

డాక్టరమ్మ పరీక్షలు చేసింది. పడటం వల్ల వచ్చిందో, చిన్నప్పుడు ఏదైనా జ్వరం వచ్చి ఉంటే దాని వల్లో, పుట్టుకతోనో ఖచ్చితంగా చెప్పలేనంది. నాతో హిందీలో విడిగా ఒక మాట అంది. "పడటం గురించి నేను ఏమీ అనను. పిల్లలు పడతారు. ఆరు నెలల ముందు తెలిసి ఉంటే ఆరు నెలల ముందు చెవికి మిషన్ పెట్టేదాన్ని. మాటలు నేర్చుకునే ఆరు నెలలు అవి."

పిల్లలన్నాక పడతారు. రైటరు కూడా మొదటి రోజు అదే అన్నాడు. ఆ ఒక్క మాటే ఆయన నాతో చెప్పిన నిజం.

చేతికి

తిరిగొచ్చేటప్పుడు పిల్లవాడు మామా ఒళ్లో, నేను వెనక సీటులో. రాజన్న అద్దంలో నన్ను ఒకసారి చూసి చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి నా బట్టలు సర్దుకున్నాను. రెండు రోజులు ఎవరూ పిలవలేదు. మూడో రోజు మామా వంటింట్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"పడ్డ రోజు చెప్పి ఉంటే ఆ ఒక్కరోజు నిన్ను తిట్టేదాన్ని," అంది. "నువ్వు పోతే నాకు పని తెలిసిన మనిషి లేదు. వంట చెయ్యి. సాలెం దగ్గరికి రాకు. ఖలాస్, అంతే."

బాబాతో ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదు. పోలీసు మాట ఎత్తలేదు.

ఆ శుక్రవారం పులుసు పంపలేదు. రైటరు వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, మర్చిపోయావా?"

"మామా లోపలే ఉంది రైటరు గారూ. పిలవనా? మీకు రెండు ముక్కలు అరబ్బీ వచ్చుగా, చెప్పండి."

ఆయన నా మొహం చాలాసేపు చూశాడు. చెప్పేశానని ఆయనకు అర్థమైంది. చొక్కా సర్దుకుని, "నీ ఇష్టం తల్లీ" అని వెళ్లిపోయాడు. నాకు గెలిచినట్టు అనిపించలేదు. గుమ్మంలో కూర్చుని ఆయన సందు మలుపు తిరిగేదాకా చూశాను. మామా చెల్లెలి ఇంటికి వచ్చిన అమ్మాయికి మాత్రం మొదటి రోజే ఆయన గురించి చెప్పాను. కాంతం ఆ ఏడాది చివర్న పాస్‌పోర్టు గడువు తీరకముందే ఊరెళ్లిపోయింది. రాజన్న ఒంటె సంగతి బయటపడలేదు. రైటరు కొన్నాళ్లకు దూరంగా రువైస్ అనే ఊరి వైపు పనికి వెళ్లాడని విన్నాను. అక్కడా ఉత్తరాలు రాస్తున్నాడట.

నేను ఆ ఇంట్లో ఇంకా ఆరేళ్లు వంట చేశాను. సాలెంకు చెవికి మిషన్ పెట్టారు. మాటలు నెమ్మదిగా వచ్చాయి, ముద్దగా, తల్లికి మాత్రమే అర్థమయ్యేలా. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నన్ను చూస్తూ నిలబడేవాడు. నేను పొయ్యి వైపు తిరిగిపోయేదాన్ని. మామా నన్ను క్షమించాలని నేను కోరుకోలేదు. ఆవిడ చేసింది సరైన పనే. నా బిడ్డకు అలా జరిగితే నేను ఆ మనిషిని వంటింట్లో కూడా ఉంచేదాన్ని కాదు.

నాలుగో ఏడో, ఐదో ఏడో ఒక మధ్యాహ్నం, మామా వాడితో కలిసి వంటింట్లోకి వచ్చింది. వాడు పాలు అడిగాడు. నేను గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాను, అలవాటుగా.

"బల్ల మీద ఎందుకు?" అంది మామా. "చేతికివ్వు."

గ్లాసు ఎత్తాను. గ్లాసు ఒరిగింది. వాడి చెయ్యి అందుకునే లోపే సగం పాలు వాడి కాళ్ల మీద, నేల మీద పడ్డాయి. మామా గుడ్డ తీసి వాడి కాళ్లు తుడిచింది. గిన్నెలోంచి గ్లాసు మళ్లీ నిండా నింపి, తెచ్చి నా చేతిలో పెట్టింది.